చిల్లు దిండు కేసు

మా తోడికోడలు మెల్వీనా నోట్లోంచి ఒక కబురు రాబట్టడం కంటే కాడ్ చేప చేత కీర్తన పాడించడం తేలిక. "ఇవాళ క్లినిక్‌కి ఎవరొచ్చారక్కా?" అంటాను. "వచ్చారు" అంటుంది. "ఎవరు?" అంటే, "ఒంట్లో బాగోనివాళ్ళు." "ఏం బాగోలేదట?" అంటే, "టీలో పాలు చాలా?" ఇదీ వరస. ఇద్దరం ఒకే ఇంటికి కోడళ్ళుగా వచ్చాం. ఒకే కంచెకి అటూ ఇటూ కాపురాలు. నా పిల్లల ముక్కులు తను తుడిచింది, తన పిల్లల వీపులు నేను విమానం మోత మోగించాను. అయినా సరే, రేవులో ఎవరికి గ్యాసో ఎవరికి గజ్జో నాకు షాపులో తెలియాల్సిందే.

మెల్వీనా పార్డీ లైసెన్స్డ్ ప్రాక్టికల్ నర్సు. కట్లు కట్టడం, సూదులు వెయ్యడం, బీపీ చూడ్డం, ముసలాళ్ళకి గొట్టాలు మార్చడం, జబ్బుమనిషి పక్కన నిలబడి చేసే పనంతా తనదే. పైన ఒక పెద్ద నర్సు ఉంది, ఆవిడ చుట్టుపక్కల రేవులన్నీ తిరగాలి. డాక్టరుగారు రోడ్డు మీద మంచు దయతలిచినప్పుడు వస్తాడు. మిగతా రోజుల్లో మా గన్నెట్ కోవ్‌కి దిక్కూ మొక్కూ మెల్వీనాయే.

సర్కారు కాడ్ వేట ఆపించి, చేపల ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు మేమందరం కొంగులు తడుపుకుంటూ కూర్చున్నాం. కొంగులు మాకు లేవనుకోండి, ఏప్రాన్లు తడుపుకున్నాం. మెల్వీనా మాత్రం చేపలు కోసే కత్తి కడిగి గూట్లో పెట్టి, చంటివాణ్ణి నా ఒళ్ళో పడేసి చదువుకి వెళ్ళిపోయింది. ఆ లైసెన్సు అలా వచ్చింది. తర్వాత తన మొగుడు సెల్బీ బావ నడుం దెబ్బతిని పడవ ఎక్కడం మానేశాక, ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఆ లైసెన్సు మీదే. దాన్ని ఏటేటా రాజధాని సెయింట్ జాన్స్‌లో ఉన్న నర్సుల మండలి దగ్గర కొత్త చేయించుకోవాలి. ఆ మండలికి నీతి నియమాలున్నాయి. రోగి సంగతి బయటపెట్టకు, నీకు రాని పనిలో వేలు పెట్టకు, తప్పు చేస్తే దాచకు, ఇంకా బోలెడు. మా చర్చిలో సగం మందికి పది ఆజ్ఞలు వరసగా రావు గానీ, మెల్వీనాకి ఈ నియమాలు నిద్రలో లేపి అడిగినా వస్తాయి.

ఇక మా అత్తగారు, డోర్కస్ పార్డీ. ఆవిడ నోరు ఒకవైపు, అట్లాంటిక్ సముద్రం ఒకవైపు. ఆవిడకి జన్మలో జబ్బు చెయ్యలేదు. చేసిందని ఎవరైనా అంటే వాళ్ళకి చేస్తుంది. డాక్టరు మొహం చూడకుండా పిల్లలందర్నీ కన్నాననీ, పంటినొప్పికి తాడూ తలుపూ చాలుననీ ఇప్పటికీ చెబుతుంది. పెద్ద కోడలి మీద ఆవిడకి ఒకటే కోపం.

"డాక్టరు ఉన్నాడు, పెద్ద నర్సు ఉంది, మా ఇంటికొచ్చింది సగం నర్సు. ఆ సగానికీ నోరు లేదు. బేకరీలో కోడలున్న అత్తకి వేడి రొట్టె దొరుకుతుంది. క్లినిక్‌లో కోడలుండి నాకేం ఒరిగింది? ఎవరు చచ్చారో కూడా చర్చి గంట కొడితే తెలుస్తోంది!"

మెల్వీనా పలికేది కాదు. నేను కిసుక్కున నవ్వేదాన్ని. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్న సామెత మా వంటింట్లోనే పుట్టి ఉంటుంది.

అసలు సంగతి క్రిస్మస్ వేషాలతో మొదలైంది. పండగ వెళ్ళాక పన్నెండు రోజులూ మా రేవులో మమ్మర్లు, అంటే వేషగాళ్ళు, తిరుగుతారు. మగాడు గౌను తొడుక్కుంటాడు, ఆడది తాతగారి కోటు వేసుకుంటుంది. వీపుకి దిండు కట్టి గూని పెట్టుకుంటారు. ముఖం మీద లేసు తెరో దిండుగలీబో దించుకుంటారు. తలుపులు దబదబా బాది, గొంతు దొరక్కుండా ఊపిరి లోపలికి పీలుస్తూ, "వేషగాళ్ళని రానిస్తారా?" అని అరుస్తారు. రానిచ్చాక గంతులేస్తారు. ఇంటివాళ్ళు గిల్లి, గుచ్చి, బూట్లు చూసి, ఫలానా అని పేరు పెట్టి చెప్పాలి. చెబితే తెర ఎత్తాలి, ఎత్తినవాళ్ళకి కేకూ రమ్మూ. చెప్పలేకపోతే వేషం వేషంగానే వెళ్ళిపోతుంది. మర్నాడు ఎవరూ ఆరా తియ్యరు, అది మర్యాద.

వేషం కట్టడంలోనూ, పట్టుకోవడంలోనూ మా అత్తగారిని మించినవాళ్ళు లేరు. మెల్వీనాని మించిన మొద్దూ లేదు. ఒక్కరంటే ఒక్కరిని పట్టుకోదు. ఒక ఏడు కట్టుకున్న మొగుడే పూల గౌను వేసుకొచ్చి ఒళ్ళో కూలబడితే, కాసేపు ఆలోచించి "పాస్టరుగారేమో" అంది. ఆ పాస్టరుగారు పక్కనే కూర్చుని కేకు తింటున్నాడు! మేం పడీ పడీ నవ్వాం. "సగం నర్సుకి కళ్ళూ సగమే" అంది అత్తగారు.

నాకు అనుమానమొచ్చి గిన్నెలు తోముతున్నప్పుడు నిలదీశాను. "నిజం చెప్పక్కా. తెలీదా, తెలిసీ నాటకమా?"

"తెలుస్తుందే ఎఫీ. గుమ్మంలో అడుగు పెట్టగానే తెలుస్తుంది. ఎవరి మోకాలు వంగదో, ఎవరి కాలివేలికి గోరు లేదో నాకు కాక ఎవరికి తెలుసు?"

"మరి చెప్పొచ్చుగా!"

"అది నాకు క్లినిక్‌లో తెలిసింది. తెచ్చి వంటింట్లో ఆటాడితే ఎలా?"

"ఆటేగా, తల్లీ!"

"నీకు ఆట. మోకాలు మాత్రం వాడిది."

చాదస్తం అనుకున్నాను. ఇప్పటికీ కొంచెం అనుకుంటాను. మనిషన్నాక అప్పుడప్పుడూ నోరు జారాలి, లేకపోతే పక్కవాళ్ళకి ఏం తోస్తుంది?

అంత జాగ్రత్త మనిషి జారిన రోజు మా వంటింట్లోనే జారింది. నోరు కాదు, చెయ్యి.

కొత్త సంవత్సరానికి ముందు సాయంత్రం మా ఇల్లు కిక్కిరిసి ఉంది. మా ఆయన చెస్లీ అకార్డియన్ వాయిస్తున్నాడు, బాగా అనను. మెల్వీనా నాకు సాయంగా కేకు కోస్తోంది. వేషగాళ్ళ గుంపొకటి వచ్చి దుమ్ము రేపింది. ఒక్కొక్కరినే పట్టేశాం, తెరలు ఎత్తించాం, గ్లాసులు చేతికిచ్చాం. చివరికి ఒక వేషం మిగిలింది. పాత ఆయిల్ కోటు, గూని, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, ముఖాన లేసు తెర. గంతు లేదు, గిల్లితే కేక లేదు, కొయ్యబొమ్మలా నిలబడింది. పోస్టుమాస్టరన్నారు ఒకరు, పాస్టరుగారి తమ్ముడన్నారు ఇంకొకరు. ఎవరికీ అంతు చిక్కలేదు.

"కూర్చోబెట్టండి, కూర్చునే తీరులో దొరికిపోతారు" అని అరిచాడు చెస్లీ. చెక్క కుర్చీ ఒకటి వెనక్కి తోశాం. వేషం సగం వంగింది, ఆగింది, లేచింది. మళ్ళీ వంగింది, మళ్ళీ లేచింది.

"కోడి గుడ్డు పెట్టడానికి చోటు చూసుకుంటోందర్రోయ్!" అన్నాను నేను. ఇల్లు గొల్లుమంది.

అప్పుడు మెల్వీనా కత్తి కింద పెట్టింది. తలుపు మూల నా చిన్నదాని కాన్పప్పుడు, కుట్లు ఒత్తుకోకుండా కూర్చోడానికి కొన్న గుండ్రటి దిండు ఉండేది, మధ్యలో చిల్లున్నది. కాన్పు సంగతి మర్చిపోయి అందులో పిల్లి పడుకుంటోంది. మెల్వీనా పిల్లిని దించి, దిండు దులిపి, తిన్నగా తీసుకెళ్ళి ఆ కుర్చీ మీద వేసింది. ఒక్క మాట లేదు. మాటెందుకు, దిండే చెప్పింది. నవ్వి నవ్వి నాకు పక్కలు పట్టేశాయి. చెస్లీ అకార్డియన్ మీద పడిపోతే అది ఆవులా అరిచింది.

వేషం దిండు వంక చూసింది. మెల్వీనా వంక చూసింది. విసురుగా తలుపు తీసుకుని, కనీసం వెయ్యకుండా, మంచులోకి వెళ్ళిపోయింది. మెల్వీనా మొహం పాలిపోయింది. "అయ్యో, నేనేం చేశాను?" అంది. నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను. తను కేకు ముట్టకుండా ఇంటికెళ్ళింది.

కొన్ని వారాలకి సెయింట్ జాన్స్ నుంచి కబురొచ్చింది. మెల్వీనా మీద ఫిర్యాదు. రోగి రహస్యాన్ని నలుగురిలో బయటపెట్టిందట. ఫిర్యాదు చేసింది గార్లాండ్ స్నూక్.

గార్లాండ్ మా అత్తగారి చెల్లెలి కొడుకు, మాకు బావగారి వరస. పీతల వేటకి సొంత పడవ ఉంది, రేవు కౌన్సిల్‌కి పెద్ద, చర్చిలో కానుకల పళ్ళెం పట్టుకుని తిరుగుతాడు. ఆయన నవ్వడం చూసినవాళ్ళు బతికి లేరు. అలాంటివాడు వేషం కట్టాడంటే దేవుడి తోడు మాకెవరికీ కలలో కూడా తట్టలేదు. ఫిర్యాదు పెట్టినవాడు పెట్టి ఊరుకోవచ్చుగా? షాపులో పిండి సంచుల ముందు నిలబడి గొంతు చించుకున్నాడు.

"మెల్వీనా నా పరువు తీసింది! అందరి ముందూ!"

"ఏ విషయంలో బావగారూ?" అన్నాను నేను అమాయకంగా. నిజంగానే అమాయకంగా.

"ఆ దిండు!"

బంగాళాదుంపలు ఏరుతున్న ముసలాయన చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"అంటే... ఆ ఆయిల్ కోటులో ఉన్నది మీరా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే అదే. గార్లాండ్ బావగారికి మొలలున్నాయన్న సంగతి సాయంత్రానికల్లా తీరం పొడుగునా పాకింది. చాటింది ఆయన నోరే. కానీ ఆయన లెక్క వేరు. "క్లినిక్‌లో నన్ను చూసింది మెల్వీనా. ఆ గదిలో నన్ను పోల్చుకున్నదీ మెల్వీనాయే. పోల్చుకుంది కాబట్టే దిండు వేసింది" అన్నాడు. కాదనడానికి మా దగ్గర ఏముంది? నిజం తేలితే, అంటే ఆయన చెప్పింది నిజమని తేలితే, లైసెన్సు ఆపుతారు. లైసెన్సు ఆగితే మెల్వీనా ఇల్లు ఆగుతుంది, మా క్లినిక్కూ ఆగుతుంది.

మా రేవువాళ్ళకి చేపలు పట్టడం తర్వాత బాగా వచ్చిన విద్య అబద్ధాలాడ్డం. మా వంటింట్లోనే సభ పెట్టాం. ప్రతి వేషగాడికీ ఆ దిండే వేశామని చెబుదామన్నారు కొందరు. అది చాలదన్నాడు చెస్లీ.

"మనందరికీ మొలలున్నాయని చెబుదాం. ఊరందరికీ ఉంటే దిండు ఎవరికోసమైనా కావచ్చు. ఎవరు ఒప్పుకుంటారు? చేతులెత్తండి."

మొదట అకార్డియన్ పక్కన పెట్టి తనే ఎత్తాడు. పాస్టరుగారు కూడా, దేవుడు క్షమించుగాక, సగం ఎత్తాడు. నేను రెండూ ఎత్తాను. సరిగ్గా అప్పుడు మెల్వీనా లోపలికొచ్చింది.

"చేతులు దించండి" అంది. "ఎవరూ అబద్ధం చెప్పొద్దు. నేను చేసింది తప్పు. తప్పని రాసి పంపించేశాను."

"పంపించేశావా!" అని అరిచాను. "కాస్త ఆగలేకపోయావా? వాళ్ళు అడగనే లేదు కదే!"

"అడిగేదాకా దాచడం కూడా తప్పే, ఎఫీ. అదీ నియమమే."

నాకు తిక్కరేగింది. "నీ నియమాలు తీసుకెళ్ళి సముద్రంలో కలుపు! రేపు లైసెన్సు లాక్కుంటే ఆ నియమాలే వచ్చి సెల్బీ బావకి అన్నం పెడతాయా?" అన్నాను. అన్నందుకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. మెల్వీనా నా వీపు నిమిరింది. అది చూసి ఇంకా మండింది. ఓదార్చాల్సింది నేను కదా! అత్తగారు మాత్రం ఆ రోజు పెదవి విప్పలేదు. చెల్లెలి కొడుకు ఒకవైపు, కోడలు ఒకవైపు, ఎటు తిట్టాలో తెలీక ఊరుకుందనుకున్నాను.

మంచు కరిగి రోడ్డు బురదయ్యాక సెయింట్ జాన్స్ నుంచి విచారణకి ఒకావిడ వచ్చింది. కవనా మేడమ్. సన్నగా ఉంది, బూట్లకి బురదంటితే విసుక్కోలేదు, ఆ ఒక్క విషయంలో నచ్చింది. చర్చి పక్క హాల్లో కూర్చుంది. గార్లాండ్ బావగారు సూటు వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు, కుర్చీ అంచున, జాగ్రత్తగా. "మీతో విడిగా మాట్లాడతాను, రహస్యంగా ఉంటుంది" అని ఆవిడ చెప్పినా వినలేదు. "నా పరువు నలుగురిలో పోయింది, తేలాల్సిందీ నలుగురిలోనే" అన్నాడు. ఆ తెలివి చూసే ఆయన్ని కౌన్సిల్‌కి పెద్దని చేశాం.

హాలుకీ వంటగదికీ మధ్య గిన్నెలు అందించే చిన్న కిటికీ ఉంది. ఆ రోజు రేవులో ఆడవాళ్ళందరికీ ఒక్కసారిగా బఠాణీ సూపు వండాలని బుద్ధి పుట్టింది. "ఆ కిటికీ మూస్తారా?" అంది కవనా మేడమ్. మూశాను. మధ్యలో గరిటె అడ్డుపడింది, నేనేం చెయ్యను?

ముందు నన్ను పిలిచింది.

"ఆ సాయంత్రం ఆ వేషంలో ఎవరున్నారని మీరనుకున్నారు?"

"చేపల ఇన్‌స్పెక్టరనుకున్నాను."

"ఎందుకు?"

"అంత సరదాలోనూ నవ్వలేదండి. నవ్వని మనుషులు ఈ చుట్టుపక్కల ఇద్దరే. రెండో ఆయన వేషం కట్టడని నమ్మకం."

గార్లాండ్ బావగారు దగ్గాడు. మేడమ్ తల వంచుకుని రాసుకుంది. నవ్విందని నా అనుమానం.

"ఆయన గార్లాండ్ గారని ఎప్పుడు తెలిసింది?"

"ఆయన షాపులో అరిచినప్పుడు. నాకే కాదు, పిండి సంచులక్కూడా అప్పుడే తెలిసింది."

తర్వాత మెల్వీనా వచ్చి కూర్చుంది. నేను గరిటె సందులో కన్ను పెట్టాను. నా పక్కన అత్తగారు పెద్ద గిన్నెలో సూపు కలుపుతోంది.

"దిండు ఎందుకు వేశారు?" అంది మేడమ్.

"కుర్చీలో కూర్చోలేక అవస్థ పడుతుంటే చూసి ఉండబట్టలేకపోయాను. క్లినిక్‌లో తెలిసిన సంగతి వంటింట్లో వాడాను. అది తప్పే మేడమ్."

"గార్లాండ్ గారి జబ్బు మీకు తెలుసు కాబట్టి వేశారు."

మెల్వీనా తల అడ్డంగా ఊపింది. "అక్కడున్నది గార్లాండ్ గారని నేననుకోలేదు."

"అబద్ధం!" అన్నాడు బావగారు.

"మరెవరనుకున్నారు?" అంది మేడమ్.

"చెప్పలేను."

"నాకు చెప్పొచ్చు. విచారణలో చెప్పడానికి నియమం ఒప్పుకుంటుంది."

"మీకు చెప్పొచ్చు. మీరు రాస్తారు. రాసినదాంట్లో ఒక కాపీ ఫిర్యాదు చేసినాయనకి వెళ్తుంది. ఇక్కడ షాపు ఎంత దూరమో మీరు వస్తూ చూశారుగా మేడమ్."

మేడమ్ కలం కింద పెట్టింది. గొంతు కఠినంగా లేదు, అదే నాకు భయమేసింది. "మెల్వీనా గారూ, మీరు పేరు చెప్పకపోతే, గార్లాండ్ గారిని గుర్తుపట్టే ఆ పని చేశారని నేను అనుకోవాల్సి వస్తుంది. అప్పుడు లైసెన్సు ఆపమని రాయక తప్పదేమో. అర్థమవుతోందా?"

"అవుతోంది."

"అయినా చెప్పరా?"

"అయినా చెప్పను."

దీన్నేం చెయ్యాలి దేవుడా అనుకున్నాను. అటు ఎవరో ఒకరి పరువట, ఇటు తన బతుకు. చెప్పెయ్యవే మొండి ముండా అని గట్టిగా అరవాలనిపించింది. గర్వంగానూ ఉంది, ఆ గర్వం మీద కోపంగానూ ఉంది. ఎవరి కోసమో ఆ ఘనకార్యం, వాళ్ళు హాయిగా ఏ కిటికీ దగ్గరో కూర్చుని సముద్రం చూస్తుంటారు అనుకున్నాను.

పక్కన ధన్‌మని చప్పుడైంది. అత్తగారు గరిటె గిన్నెలో పడేసి, తలుపు తోసుకుని, ఏప్రాన్‌తోనే హాల్లోకి వెళ్ళిపోయింది. ఇక సందెందుకని కిటికీ బార్లా తెరిచేశాను.

"ఏమే మెల్వీనా, నీకు మతుందా లేదా?"

"అత్తయ్యా, మీరు వెళ్ళండి. ఇక్కడికి రాకూడదు."

"నోర్ముయ్. ఇన్నేళ్ళూ మూసుకునే ఉన్నావు, ఇప్పుడు నా దగ్గరా తెరుస్తావు?" అని మేడమ్ వైపు తిరిగింది. "రాసుకోమ్మా. ఆ కోటు నాది. ఆ బూట్లు మా ఆయనవి. ఆ సాయంత్రం వేషం కట్టాల్సింది నేను. పొద్దున్న ఇది మా ఇంటికొచ్చి నాకు మందు పూసి వెళ్ళింది. గుమ్మంలో కోటూ బూట్లూ చూసింది. సాయంత్రం వస్తా, పోల్చుకున్నావో చంపుతా అని చెప్పాను. తీరా మధ్యాహ్నానికి నా వల్ల కాలేదు. అప్పుడు వీడొచ్చాడు."

గార్లాండ్ బావగారు సూటులో కుంచించుకుపోయాడు.

"వీడొచ్చి, 'పెద్దమ్మా, జన్మలో ఒక్కసారి నేనూ వేషం కడతాను, ఎవరికీ చెప్పకు' అని చిన్నపిల్లాడిలా బతిమాలితే జాలిపడి ఇచ్చాను. నా కోటులో ఉన్నవాణ్ణి చూసి ఇది నేననుకుంది."

"మందు పూశారన్నారు. ఏ మందమ్మా?" అంది మేడమ్.

అత్తగారు ఊపిరి గట్టిగా పీల్చింది. నేను ఆవిడ కోడలినై ఇన్నేళ్ళైంది, ఆవిడ మాట కోసం వెతుక్కోవడం అప్పుడే చూశాను.

"మొలలకి" అంది. "నాకు మొలలున్నాయి. పండక్కి ముందు నుంచీ. పెద్ద అక్షరాలతో రాసుకో, కళ్ళజోడు లేనివాళ్ళు కూడా చదువుకుంటారు."

మా వెనక సూపు పొంగి పొయ్యి మీద పడి చుయ్యిమంది. ఎవరూ కదల్లేదు.

"పెద్దమ్మా..." అన్నాడు బావగారు నీరసంగా. "నీక్కూడానా?"

"మీ తాతకీ ఉండేవిరా. పడవలో నిలబడే తినేవాడు. మన వంశంలో సముద్రాన్ని వదిలేసినవాళ్ళున్నారు గానీ ఇవి వదిలినవాళ్ళు లేరు. ఆ మాట నన్ను అడిగితే నేనే చెప్పేదాన్ని. సెయింట్ జాన్స్ దాకా ఎందుకెళ్ళావు?"

మేడమ్ లేచి కుర్చీ జరిపింది. "కూర్చోండమ్మా."

"ఇంతసేపూ నేను చెప్పిందేంటి మరి?" అంది అత్తగారు.

కిటికీ దగ్గర ఎవరో ఫక్కున నవ్వారు. నేనే. మేడమ్ కూడా పెదాలు కొరుక్కుంది, అంతలోనే నుదురు ముడిచింది. "మెల్వీనా గారూ, సొంత అత్తగారికి మీరే వైద్యమా? అది కూడా..."

మెల్వీనా అత్తగారి వైపు చూసింది. ఆవిడ "చెప్పవే" అన్నట్టు తలూపాకే నోరు తెరిచింది. "పెద్ద నర్సుకి చెప్పాను. ఆవిడ చూసి, సరేనన్నాకే మందు పూశాను. చుట్టాలని చూడకూడదంటే కష్టం మేడమ్, ఈ రేవులో నాకు చుట్టం కానిది మీరొక్కరే."

"ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను" అన్నాడు గార్లాండ్ బావగారు, బల్ల వంక చూస్తూ.

"మీరు తీసుకోవచ్చు, నేను తీసుకోలేను" అంది మేడమ్. "ఆ కుర్చీ దగ్గర ఎవరున్నా దిండు వెయ్యడం తప్పే. హెచ్చరిక ఇమ్మని రాస్తాను. రోగి రహస్యాల మీద పాఠం ఒకటి ఉంది, కంప్యూటర్‌లో చదివి పాసవ్వాలి. లైసెన్సు జోలికి వెళ్ళాల్సిన పని కనిపించడం లేదు."

"చదువుతాను మేడమ్" అంది మెల్వీనా. అంత ఆనందంగా శిక్షకి ఒప్పుకున్న మనిషిని నేనెక్కడా చూడలేదు.

మేడమ్ మళ్ళీ కలం తీసింది. "డోర్కస్ గారూ, ఒక్క విషయం రాసుకోవాలి. ఇదంతా మీ ఇష్టంతోనే చెప్పారా? మీ జబ్బు సంగతి చెప్పమని మీ కోడలు గానీ ఇంకెవరు గానీ అడిగారా?"

"అదా! అది అడగడమా!" అంది అత్తగారు. "శీతాకాలమంతా రోజూ మా ఇంటికొచ్చింది. మందు పూసింది, మంచం దులిపింది, వెళ్ళింది. నా వల్లే దాని మెడ మీదకొచ్చిందని ఒక్కసారైనా అన్లేదు. 'అత్తయ్యా, వచ్చి చెప్పండి' అని ఒక్కసారి అడిగితే వచ్చేదాన్ని కాదు, తిట్టి పంపేదాన్ని. అదీ దానికి తెలుసు. నాకు సిగ్గేసిందమ్మా. ఇంత వయసొచ్చి ఆ గోడవతల నిలబడి సూపు కలుపుతున్నాను, ఇక్కడ అది నా కోసం నోటి దగ్గర కూడు వదులుకుంటోంది." ఏప్రాన్‌తో మొహం తుడుచుకుని, మేడమ్ కలం మీద వేలు పెట్టింది. "రాసుకో. చెప్పింది నేను. అది కాదు."

మెల్వీనా అప్పుడు ఏడ్చింది. విచారణంతా రాయిలా కూర్చున్న మనిషి బల్ల మీద తల పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా ఏడ్చింది. అత్తగారు పక్కనే నిలబడి, ఏం చెయ్యాలో తోచక కాసేపు చూసి, ఆ తల మీద చెయ్యి వేసింది.

"ఊరుకోవే పిచ్చిదానా" అంది. "సూపు మాడిపోతోంది, ఆ ఎఫీకి వాసన కూడా తెలిసి చావదు."